చెలిమి బల్ల

దేహమునకు వలెనే మనస్సునకును వ్యాధి కలుగును. కాలు విఱిగినవాని బాధ పదిమందికి కనబడును. మనస్సు క్రుంగినవాని బాధ ప్రక్కనున్నవారికిని తెలియదు. అట్టివారిని ఆదుకొనుటకు వైద్యులు చాలనిచోట ఏమి చేయవలెను? ఆఫ్రికా ఖండమందలి జింబాబ్వే దేశమున కొందఱు అవ్వలు ఈ ప్రశ్నకు సమాధానము చూపిరి.

ఆ దేశ రాజధానియైన హరారేలో డిక్సన్ చిబాండా యను మనోవైద్యుడు కలడు. 2005వ సంవత్సరమున ఆయన చికిత్స చేయుచుండిన యొక యువతి ప్రాణములు తీసికొనెను. ఆమె ఆసుపత్రికి రావలసియుండెను. కాని బస్సు ఛార్జీకి వలయు 15 డాలర్లు ఆ కుటుంబమునకు సమకూడలేదు. రోగి రాలేనప్పుడు చికిత్సయే రోగి కడకు పోవలెనని చిబాండా నిశ్చయించుకొనెను. కాని కోటికి మించిన జనమునకు మనోవైద్యులు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందియే యుండిరి. ఎంబారే యను పేదల పేటలో ఆయనకు తోడుగా లభించినవారు ఆరోగ్యసేవకురాండ్రైన 14 మంది అవ్వలు. ఆరోగ్యకేంద్రమున గదియైనను దొరకలేదు. అందుచేత 2006లో ఆవరణమునందలి చెట్టు నీడను ఒక కొయ్యబల్ల వేసి పని ప్రారంభించిరి.

మొదట దానికి మానసికారోగ్యపు బల్ల యని పేరిడగా, దానిపై కూర్చుండుటకు జనులు జంకిరి. అవ్వల సలహాచే అది ‘చెలిమి బల్ల’ యయ్యెను. అచ్చటి షోనా భాషలో దిగులును ‘కుఫుంగిసిస’ యందురు. అనగా మితిమీఱిన ఆలోచన. అవ్వలు వైద్యశాస్త్రపు మాటలు విడిచి ఈ మాటనే వాడుదురు. తొలుత 14 ప్రశ్నలడిగి బాధ యెంతటిదో తెలిసికొందురు. భారతీయుడైన విక్రమ్ పటేల్ హరారేలో పనిచేసిన కాలమున సహచరులతో కలిసి ఈ ప్రశ్నలను కూర్చెను. పిమ్మట రోగి తన చిక్కులన్నియు చెప్పుకొనును. అవ్వ ఓపికతో వినును. వానిలో ఒక చిక్కును రోగియే యెన్నుకొని, తాను చేయగల చిన్న ఉపాయమును అవ్వ తోడ్పాటుతో కనుగొనును. మరల వచ్చినప్పుడు దాని ఫలమును చెప్పును. ప్రాణాపాయపు తలంపులు గలవారిని అవ్వలు తమయొద్దనే ఉంచుకొనక, పై చికిత్సకు పంపుదురు.

మాటలతో దిగులు తీఱునా యని సందేహము కలుగవచ్చును. చిబాండాయు ఆయన సహచరులును దీనిని పరీక్షించిరి. హరారేలోని 24 ఆరోగ్యకేంద్రములను రెండు భాగములు చేసి, 573 మంది రోగులను గమనించిరి. ఒక భాగమున వాడుక చికిత్సయు, రెండవ భాగమున అవ్వల బల్లయు ఏర్పాటు చేసిరి. 6 నెలల పిమ్మట మొదటివారిలో నూటికి సుమారు 50 మందికి దిగులు లక్షణములు మిగిలియుండగా, రెండవవారిలో సుమారు 14 మందికి మాత్రమే మిగిలియుండెను. ఈ ఫలితములు 2016లో ప్రకటింపబడెను.

అవ్వలకు పెద్ద చదువులు లేవు. శ్రద్ధగా వినుట వారు శిక్షణచే నేర్చిన విద్య. ఇరుగుపొరుగు కష్టములను ఎఱిగియుండుట వారికి ముందే కలిగిన సంపద. బస్సు ఛార్జీ లేనివారును నడచి చేరగల దూరమున నేడు వారి బల్ల యున్నది.