యుద్ధము నడుమ చదువు ముగించిన పిల్లలు



గురుకులవాసము ముగించిన శిష్యుడు ఇంటికి మరలు సమయమున జరుపు సంస్కారమునకు మన పూర్వులు సమావర్తనమని పేరిడిరి. ఆ దినమున శిష్యుడు స్నానము చేసి స్నాతకుడగును. నిన్నటివరకు ఒకరి నీడలో నుండినవాడు నేటినుండి తన బ్రతుకునకు తానే బాధ్యుడు. ఈ గడప దాటు దినము అన్ని దేశములందును ఏదో యొక రూపమున కలదు. మీలో పలువురి మనుమలు, మనుమరాండ్రు నేడు అమెరికాలో చదువుచున్నారు. నల్లని పొడవైన అంగీ తొడిగి, పలకవంటి టోపీ పెట్టుకొని, చేత చుట్టిన కాగితము పట్టుకొనిన వారి ఛాయాచిత్రములు మీ యిండ్ల గోడలపై నుండవచ్చును. ఆ యుత్సవమునే వారు గ్రాడ్యుయేషను అందురు. అచ్చట హైస్కూలు చదువు 12వ తరగతితో ముగియును. ఆ కడపటి తరగతివారిని సీనియర్లని పిలుతురు. వారి వయస్సు 17, 18 ఏండ్లు. సాధారణముగా మే, జూను మాసములలో వారికి పట్టములిచ్చి పంపుదురు.

అట్లు గడప దాటవలసిన దినమున గడప కావల యుద్ధము నిలిచియున్నచో ఆ పిల్లల గతి యేమి? రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా సీనియర్లకు సంభవించిన దానిని ఈ దినము మీకు విన్నవింపదలచితిని. నేను ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. యుద్ధచరిత్ర చదువునపుడు సేనాపతుల పేర్లకంటె ఆ కాలపు బడుల సంగతియే నేను ముందుగా వెదకుదును. అట్లు వెదకగా నాకు తేలిన సారము ఒక్కటి. యుద్ధము పిల్లల చదువును తీసికొనిపోవుట ఎల్లచోట్ల జరిగినదే. తీసికొనిన దానిని అప్పుగా నెంచి తిరిగి చెల్లించితిరా లేదా అనునదే పెద్దలకు పరీక్ష.

ముందు చట్టము సంగతి చెప్పెదను. అమెరికాలో 1940 సెప్టెంబరు 16వ తేదీన నిర్బంధ సైనికసేవా చట్టము పుట్టినది. 21 ఏండ్లు నిండి 36 నిండని పురుషులను మాత్రమే అది సైన్యమునకు పిలువగలిగెను. 1941 డిసెంబరు 7వ తేదీన జపాను విమానములు పెర్ల్ హార్బరుపై బాంబులు వేసినవి. ఆ నెలలోనే పిలుపు వయస్సు 20 ఏండ్లకు దిగెను. 1942 నవంబరు 13వ తేదీన దానిని 18కి దింపిరి. ఆ దినముతో యుద్ధము బడి తలుపు తట్టినది. ఏలయన సీనియరు తరగతిలో 18 నిండినవారు ప్రతి ఊరిలోను నుందురు.

ఆ సవరణలో ఒక చిన్న దయ కలదు. విద్యాసంవత్సరపు రెండవ సగమున పిలుపు వచ్చిన హైస్కూలు విద్యార్థి కోరుకొన్నచో, సంవత్సరము ముగియువరకు వానిని తీసికొనిపోరాదు. బడిలో జీవితము గడపిన నాకు ఈ వాక్యము విలువ తెలియును. ఆ నాలుగైదు నెలలే పట్టము గలవానికిని లేనివానికిని గల భేదము. అయితే ఆ దయకు హద్దును గలదు. మొదటి సగమున పిలుపు వచ్చినవానికి ఆ వాక్యము అక్కరకు రాలేదు. పుట్టినరోజు ఏ నెలలో పడినది అనుదానిపై పిల్లవాని చదువు ఆధారపడినది.

18 నిండినవారు తమకు నచ్చిన దళమున తామై చేరు మార్గమును 1942 డిసెంబరులో మూసివేసిరి. కాని 17 ఏండ్లవాడు తలిదండ్రుల సమ్మతితో నౌకాదళమున చేరవచ్చును. ఇచ్చట భారము తండ్రిపై పడినది. కొడుకు కాగితము తెచ్చి ముందుంచును. చేవ్రాలు చేసినచో నేడే పోవును. చేయనిచో ఏడాది తిరుగకముందే ఎటులైనను పిలుపు వచ్చును, అప్పుడు ఏ దళమునకు పంపుదురో తెలియదు. ఇట్టి కాగితము ముందు కూర్చున్న తండ్రి మనస్సును మీరు నాకంటె బాగుగ నెరుగుదురు.

ఇక బడి లోపలి మార్పులు. 1942 సెప్టెంబరులో అమెరికా విద్యాశాఖ హైస్కూలు విక్టరీ కోర్ అను విద్యార్థిదళమును నెలకొల్పినది. అందులో ఆకాశ, భూ, నౌకా విభాగములు మూడు, కర్మాగారముల ఉత్పత్తికి ఒకటి, ఊరి సేవకు ఒకటి, మొత్తము ఐదు. గణితము, భౌతికశాస్త్రము, విమానశాస్త్రము, వ్యాయామము పాఠక్రమమున పెద్దపీట నెక్కినవి. పాత ఇనుము ప్రోగుచేయుట, యుద్ధపు పొదుపు బిళ్లలు అమ్ముట బడిపిల్లల పనులైనవి. చదువు పేరు మారలేదు గాని, చదువు ఎందులకు అను ప్రశ్నకు ప్రత్యుత్తరము మారినది.

1943 ఏప్రిల్ 2వ తేదీన దేశమంతట సీనియర్లకు ఒక పరీక్ష పెట్టిరి. అందు నెగ్గినవారిలో ఎన్నికైనవారిని సైన్యము గాని, నౌకాదళము గాని తన ఖర్చుతో కళాశాలకు పంపును. ఇంజనీరింగు, వైద్యము, విదేశభాషలు నేర్చుటయే మీరిప్పుడు చేయవలసిన దేశసేవయని ఆ పిల్లలకు చెప్పిరి. సైన్యము నడపిన ఈ విద్యాపథకమున ఒకప్పుడు సుమారు 1,50,000 మంది యుండిరి. కాని 1944 ఫిబ్రవరిలో కాల్బలమునకు మనుష్యులు చాలక, వారిలో సుమారు 1,10,000 మందిని చదువు మధ్యలోనే సేనలోనికి పంపవలసినదని నిర్ణయమాయెను. పుస్తకము చేత నిచ్చినవారే దానిని తీసికొని తుపాకి నిచ్చిరి. యుద్ధకాలమున చేసిన వాగ్దానమునకు యుద్ధావసరము తీరువరకే ఆయుస్సు అని దీనివలన తెలియుచున్నది.

సైన్యమొక్కటే బడిని ఖాళీ చేయలేదు. కర్మాగారములలో కూలిరేట్లు పెరిగినవి. ఉపాధ్యాయులే పలువురు బడి విడిచి సైన్యమునకో కర్మాగారమునకో పోయిరి. పదునారేండ్ల బాలుడు తన పంతులుతో సమానముగా సంపాదింపగలుగు వేళ, వాడు బల్లమీద కూర్చుండి చరిత్రపాఠము వినునా? హైస్కూళ్లలో పిల్లల సంఖ్య లక్షలలో తగ్గినది. ఆ భయముతో 1943లోను, 1944లోను ప్రభుత్వమువారు పిల్లలారా బడికి మరలుడని దేశవ్యాప్తముగ ప్రచారము చేసిరి. ఒక చేత లాగి, ఒక చేత త్రోసినట్లున్న ఈ స్థితిని గృహస్థులైన మీరు కోతలకాలమున చూచియే యుందురు.

ఆడపిల్లల సంగతి విడువరాదు. వారికి నిర్బంధ పిలుపు లేదు. అయినను హైస్కూలు ముగించిన వేలకొలది బాలికలు కర్మాగారములందును, కార్యాలయములందును కుదిరిరి. 1943లో చేసిన చట్టము ననుసరించి కాడెట్ నర్స్ కోర్ అను సంస్థ ఏర్పడినది. హైస్కూలు పట్టముగల 17 మొదలు 35 ఏండ్లలోపు స్త్రీలకు ఖర్చు లేకుండ దాదివిద్య నేర్పి, దుస్తులును నెలకు కొంత రొక్కమును ఇచ్చిరి. సుమారు 1,20,000 మంది ఆ విద్య ముగించిరి. యుద్ధము మూలమున చదువు పోగొట్టుకొన్నవారితోబాటు, చదువు దొరకినవారును గలరని చెప్పుట న్యాయము.

ఇప్పుడు ఈ కథలో మిక్కిలి బాధాకరమైన ఘట్టమునకు వచ్చెదను. 1942 ఫిబ్రవరి 19వ తేదీన రూజ్వెల్టు అధ్యక్షుడు ఒక ఉత్తరువుపై చేవ్రాలు చేసెను. దాని ఫలితముగా పడమటి సముద్రతీరమునందలి జపాను సంతతివారిని సుమారు 1,20,000 మందిని ఇండ్లనుండి వెడలించి, పది శిబిరములలో ముళ్లకంచెల నడుమ ఉంచిరి. వారిలో మూడింట రెండు వంతులు అమెరికాలో పుట్టిన పౌరులే. ఆ వసంతకాలమున సీనియరు తరగతిలో నున్న పిల్లలు, పట్టమందుకొనుటకు కొన్ని వారములు, నెలలు మాత్రమే మిగిలియుండగా బడి విడిచి మూటలు కట్టుకొనిరి. వారితో కూర్చుండి చదివిన తోడివారు జూనులో వేదిక నెక్కిరి. వీరి కుర్చీలు ఖాళీగ నుండినవి.

శిబిరములలో బడులు పెట్టిరి. మొదట బల్లలు లేవు, పుస్తకములు చాలవు. తాత్కాలికపు కొయ్య పాకలే తరగతి గదులు. అయినను 1943 మొదలుకొని అచ్చటను గ్రాడ్యుయేషను ఉత్సవములు జరిగినవి. స్వాతంత్ర్యమును గూర్చి పాఠములు నేర్చిన పిల్లలు, కావలిబురుజుల క్రింద నిలిచి పట్టములు పుచ్చుకొనిరి. ఆ సంవత్సరమే ఆ యువకులతో ప్రత్యేక పటాలము నేర్పరుపదలచి సైన్యము స్వచ్ఛంద సైనికులను కోరినది. 1944లో నిర్బంధ పిలుపును వారికి వర్తింపజేసిరి. అనగా కొడుకు దేశము కొరకు పోరాడుటకు పోవును. తలిదండ్రులు ఆ దేశపు కంచెలోపలనే యుందురు. ఆ చీకటిలోను కొందరు సజ్జనులు దీపము పట్టిరి. 1942 మే నెలలో విద్యావేత్తలును ధార్మికులును కలిసి ఒక మండలి నేర్పరచి, సుమారు 4,000 మంది విద్యార్థులను శిబిరములనుండి తూర్పు, మధ్య రాష్ట్రముల కళాశాలలకు పంపగలిగిరి.

అప్పు తీర్చిన విధమును వినుడు. 1942లోనే సైనికుల కొరకు ఒక పరీక్ష సిద్ధమైనది. దానిని జి.ఇ.డి. అందురు. బడి మానిన సైనికుడు తనకు హైస్కూలు చదువునకు సమానమైన జ్ఞానము గలదని ఆ పరీక్షలో చూపినచో, బడులవారు వానికి పట్టము నీయవచ్చును. 1944 జూన్ 22వ తేదీన వచ్చిన చట్టము ఇంతకంటె పెద్దది, దానిని జి.ఐ. బిల్లు అందురు. కనీసము 90 దినములు సేవచేసి అగౌరవముతో గాక వెలువడినవానికి ఏడాదికి 500 డాలర్లవరకు బడిరుసుము, ఒంటరివానికి నెలకు 50 డాలర్ల భృతి ఇచ్చెదమని అది పలికెను. ఆ చట్టములో నాకు ముఖ్యముగ తోచినది వేరు. సేవలో చేరునాటికి 25 ఏండ్లు మించనివాని చదువు యుద్ధమువలన చెడినట్లే భావింపవలయునని అందు వ్రాసిరి. నీ చదువు మావలన నిలిచినదని నిరూపించుకొమ్మని వానిని కార్యాలయముల చుట్టు త్రిప్పలేదు. అప్పు పుచ్చుకొన్నవాడు తానై ఒప్పుకొనుట యన నిది. 1956 నాటికి సుమారు 78 లక్షలమంది ఈ చట్టముచే చదువో, వృత్తిశిక్షణయో పొందిరి. అందు సుమారు 22 లక్షలమంది కళాశాలలలో చేరిరి.

అందరికి సమానముగ చెల్లినదా యనిన, లేదు. దక్షిణ రాష్ట్రములలో నల్లజాతి సైనికులకు తెల్లవారి కళాశాలలు మూయబడియే యుండెను. వారికని యున్న కొలది కళాశాలలలో చోటు చాలలేదు. జపాను సంతతివారికి 1988లో గాని ప్రభుత్వము క్షమాపణ చెప్పి, జీవించియున్నవారికి తలకు 20,000 డాలర్లు ఇచ్చుటకు చట్టము చేయలేదు. బడి మాని యుద్ధమునకు పోయి పట్టము లేకుండ వృద్ధులైన వారికి పట్టము లిచ్చు ఉద్యమము 1999 ప్రాంతమున మాసచూసెట్సు రాష్ట్రమున మొదలై ఇతర రాష్ట్రములకు వ్యాపించెను. 2000 తరువాత కాలిఫోర్నియాలో శిబిరవాసుల కును ఆ గౌరవము దక్కెను. డెబ్బదియైదు, ఎనుబది ఏండ్ల వృద్ధులు మనుమల నడుమ హైస్కూలు పట్టము అందుకొనిరి. ఆ కాగితముతో ఉద్యోగము రాదు. అయినను వారు వచ్చి పుచ్చుకొనిరనిన, అది వారి మనస్సులో ఎంతకాలము ముల్లై యుండెనో ఊహింపుడు.

ఆ యుద్ధము మన గడపకును వచ్చినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు విడిచి గుంటూరునకు తరలి, యుద్ధానంతరము స్వస్థానమునకు చేరినది. తావు మారినను పాఠము ఆగరాదని ఆనాటి పెద్దలు తలచిరి.

నేడు మన గ్రామములలో యుద్ధము లేదు. కాని పిల్లవాని చదువును మధ్యలో తీసికొనిపోవు కారణములు మిగిలియే యున్నవి. తండ్రికి జబ్బు, పంటకు నష్టము, అక్క పెండ్లి, వలసకూలి. ఇట్టి వేళ పిల్లవాని చదువును కుటుంబము అప్పుగా తీసికొనుచున్నదని నేను భావింతును. ఆ మాట వానితో పైకి చెప్పవలయును. వాని టి.సి., మార్కుల పత్రములు చెదలు పట్టకుండ దాచవలయును. బడికి పోనివారు ఇంటినుండియే చదివి పదవ తరగతి, ఇంటర్మీడియెటు పరీక్షలు వ్రాయుటకు ఉభయ తెలుగు రాష్ట్రములందును ఓపెన్ స్కూళ్లు కలవు. ఇరువదియేండ్లు దాటిన కోడలు పదవ తరగతి వ్రాసెదననిన, ఇప్పుడెందుకని నవ్వువారిని పెద్దలైన మీరే వారింపవలయును.

ఇచ్చిన మాటకు గడువు దాటిన పిమ్మట ఏబది, అరువది ఏండ్లకైనను ఆ దేశమువారు పట్టములు వెదకి ఇచ్చిరి. మన యింటి పిల్లవానికి బాకీయున్న చదువును అంతకాలము ఆగకుండ తీర్చుట మన చేతిలోని పనియే.