ఆటకు ముందు ఒక పరీక్ష

సీజన్ వచ్చిందంటే ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ మిర్చి బస్తాలతో నిండిపోతుంది. ఆ బస్తాలు మోసే హమాలీల పిల్లలు కబడ్డీకో, ఫుట్‌బాల్‌కో ఎంపికైతే బూట్లు, జెర్సీలు కొనిపెట్టడానికి దాతలు ముందుకొస్తారు. జట్టులో చేరేటప్పుడు అడిగే మెడికల్ సర్టిఫికెట్‌ను మాత్రం ఎవరూ పట్టించుకోరు. పిల్లవాణ్ని చూపించకుండానే ఫారం మీద సంతకం, ముద్ర వేయించుకొచ్చేవారిని మేం చూశాం. అందుకే ఆ కాగితం విలువ ఇక్కడ వివరిస్తున్నాం.

2003 జూన్ 26న ఫ్రాన్స్‌లోని లియాన్‌లో కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫో ఆడుతూ ఆడుతూ కుప్పకూలి చనిపోయాడు. వయసు 28. గుండె కండరం మందంగా పెరిగే జబ్బు ఉన్నట్టు పోస్టుమార్టంలో తేలింది. ఇలాంటివాళ్లు చూడ్డానికి దిట్టంగానే ఉంటారు. ఇటలీలో 1982 నుంచి పోటీల్లో ఆడేవారికి ఈసీజీతో సహా పరీక్ష తప్పనిసరి. ఆ తర్వాత అక్కడి వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల హఠాన్మరణాలు బాగా తగ్గాయి.

పరీక్షలో సగం పని ప్రశ్నలదే. పరుగెత్తుతూ ఎప్పుడైనా స్పృహ తప్పాడా? ఛాతీ నొప్పి వచ్చిందా? తోటివారికంటే ముందే ఆయాసపడతాడా? కుటుంబంలో ఎవరైనా 50 ఏళ్లలోపు హఠాత్తుగా చనిపోయారా? ఉబ్బసం, మూర్ఛ ఉన్నాయా? జ్వరంతో కీళ్లు వాచాయా? గొంతు నొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను పాడుచేయగలదు. ఇరుకు ఇళ్లలో పెరిగే పేద పిల్లల్లోనే ఇది ఎక్కువ. తర్వాత డాక్టరు బీపీ, నాడి చూస్తారు. పడుకోబెట్టి, నిలబెట్టి గుండె చప్పుడు వింటారు. కీళ్లు, కంటిచూపు, రక్తహీనత గమనిస్తారు. అనుమానముంటే ఈసీజీ, ఎకో రాస్తారు.

ఆట మాన్పిస్తారేమోనని కొందరు తల్లిదండ్రులు నిజం దాస్తారు. కానీ ఎక్కువమందికి ఆడమనే చెబుతారు. కొందరికి చికిత్స తర్వాత ఆడొచ్చంటారు. బహు కొద్దిమందికే ఆ ఆట వద్దంటారు. ఆ మాట ఒక ప్రాణం నిలపవచ్చు.

పరీక్ష అన్నిటినీ పట్టలేదు. 2021లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ మైదానంలో పడిపోతే, వెంటనే ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చి బతికించారు. కాబట్టి కోచ్‌లకు సీపీఆర్ కూడా నేర్పించాలి.

శరీరం అల్లాహ్ మనకిచ్చిన అమానత్. దాతలకు మా విన్నపం ఒక్కటే: బూట్ల ఖర్చు పక్కనే పరీక్షల ఖర్చూ రాయండి. బిడ్డను ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు హమాలీ తండ్రి పోగొట్టుకునే కూలి కూడా ఆ లెక్కలో కలపండి.