బాయిల బాపు... గళ్లల్లో మాటలు

గోదావరిఖనిలో వారం సోమవారంతో మొదలు కాదు, షిఫ్టుతో మొదలవుతుంది. దారిలో ఎదురైన వాళ్లను 'బాగున్నారా' అన్న తర్వాత అడిగే రెండో ప్రశ్న ఒకటే: 'ఈ వారం ఏ షిఫ్టు?' ఆ జవాబును బట్టే వంట ఎప్పుడు చేయాలో, చుట్టాలను ఎప్పుడు రమ్మనాలో, పిల్లలు టీవీ ఎంత సౌండు పెట్టుకోవచ్చో తేలుతుంది. మొదటి షిఫ్టయితే తెల్లారకముందే పొయ్యి వెలగాలి. రాత్రి షిఫ్టయితే పగలంతా ఇల్లు గుసగుసగా మాట్లాడుకోవాలి. అన్నిటికన్నా కష్టమైంది రెండో షిఫ్టు. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి తండ్రి బాయిలో ఉంటాడు. ఆయన ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు. ఒకే కప్పు కింద ఉంటూ వారమంతా ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకోని ఇళ్లు ఇక్కడ వీధికి పది ఉంటాయి.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. పేర్లతో పని లేదు. సింగరేణి క్వార్టర్లలో ఏ లైనులోకి వెళ్లినా ఇలాంటి ఇల్లు ఎదురవుతుంది. తండ్రి భూగర్భ గనిలో కార్మికుడు. తల్లి ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. కొడుకు హైదరాబాద్‌లో ఇంజినీరింగ్, కూతురు ఏడో తరగతి. తాత ఒకప్పుడు తట్టా చెమ్మస్‌తో టబ్బుల్లోకి బొగ్గు ఎత్తిన ఫిల్లరు. వీళ్లందరినీ వారం పొడవునా కలిపి ఉంచేది ఓ చిత్రమైన వస్తువు... ఆదివారం అనుబంధంలో వచ్చే గళ్ల నుడికట్టు!

ఆదివారం పుట్టిన ఆట

అసలు ఈ ఆట పుట్టిందే ఆదివారం అనుబంధంలో. 1913 డిసెంబర్ 21న 'న్యూయార్క్ వరల్డ్' పత్రిక వినోదాల పేజీల కోసం ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు వజ్రం ఆకారంలో గళ్లు గీసి, ఆధారాలు ఇచ్చి, పాఠకులను నింపమన్నాడు. అదే ఖండాలు దాటి అన్ని భాషల్లోకీ పాకింది. మన దగ్గర శ్రీశ్రీ, ఆరుద్ర అంతటి కవులు కూడా గళ్లు కూర్చారు. 'పదబంధ ప్రహేళిక', 'గళ్ల నుడికట్టు' అన్న చక్కని పేర్లు తెలుగు పాఠకుల నోళ్లలో నానాయి.

తెలుగు గళ్లకు ఓ ప్రత్యేకత ఉంది. ఇంగ్లిషులో గడికి ఒక అక్షరం రాస్తే సరి. మనకు గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిసి ఒకే గడిలో కూర్చోవాలి. 'బొగ్గు'కు రెండు గళ్లే. 'పాతాళం'కు మూడు. అడ్డంగా వచ్చిన 'క్ష' నిలువుగా వచ్చే మాటలోనూ 'క్ష'గానే ఉండాలి, 'క్షం' అయితే కుదరదు. అందుకే ఒక్కరి బుర్ర చాలదు, ఇల్లంతా కూర్చోవాలి. కానీ రెండో షిఫ్టు వారంలో ఇల్లంతా కూర్చునేదెప్పుడు?

సోమవారం నుంచి శనివారం దాకా

ఆ ఇంట్లో దానికో పద్ధతి ఉంది. గళ్ల కాగితాన్ని కత్తిరించి, అట్టకు క్లిప్పు పెట్టి, వంటింటి గోడకు వేలాడదీస్తారు. పక్కనే దారం కట్టిన పెన్సిలు. ఎవరికి తీరిక దొరికినప్పుడు వాళ్లు రాస్తారు. 

సోమవారం తాత వంతు. 'నేల కింది లోకం, మూడక్షరాలు' అని మనవరాలు చదవగానే ముసలాయన నవ్వాడు. "బాయిల దిగినోనికి పాతాళం తెల్వదా బిడ్డా!" ఆ ఒక్క మాటతో ఆయన ముచ్చట్ల మూట విప్పుతాడు. 1960ల్లో గోదావరి ఒడ్డున గనులు తెరుచుకోవడం, పని కోసం ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో జనం రావడం, యంత్రాలు లేని రోజుల్లో వీపు మీద బొగ్గు బరువు... పిల్ల పెన్సిలు పట్టుకుని వింటూనే ఉంటుంది.

మంగళవారం పొద్దున తండ్రి లేచి, చిక్కుడు పందిరికి నీళ్లు పోసి, గోడ దగ్గర ఆగుతాడు. రెండు మాటలు నింపుతాడు. తేలని ఆధారాన్ని మనసులో పెట్టుకుని సద్ది డబ్బాతో బయల్దేరతాడు. మస్టరు పడ్డాక, ల్యాంపు రూంలో క్యాప్ ల్యాంపు తీసుకున్నాక ఇక బయటి ప్రపంచంతో తెగినట్టే. అగ్గిపెట్టె, బీడీలతో పాటు సెల్‌ఫోను కూడా పైనే ఉండిపోవాలి. లోపలికి వెళ్లేది మనిషి, ఆ మనిషి తలలోని మాటలే. తోటి కార్మికులను 'ఒకవైపే మొగ్గడం, నాలుగక్షరాలు, ఏమైతదే?' అని అడుగుతాడు. అర్ధరాత్రి ఇంటికొచ్చి, అందరూ నిద్రపోతుండగా, గళ్లల్లో 'పక్షపాతం' అని రాసి అన్నానికి కూర్చుంటాడు.

బుధవారం బడి నుంచి వచ్చిన కూతురు అది చూసి ఎగిరి గంతేస్తుంది. బాపు కనిపించలేదు కానీ బాపు రాత కనిపించింది! కింద చిన్నగా రాస్తుంది: 'బాపూ, ఎదురుచూపు అంటే ప్రతీక్ష కదా? మూడో గడిలో క్ష కలిసింది. కానీ చివర ఒక గడి మిగులుతోంది.'

ఆ గడిని నింపింది తల్లి. గురువారం రాత్రి, షిఫ్టు దిగే వేళ దాటినా ఆయన జాడ లేదు. ఫోను చేద్దామంటే మోగేది పైన పెట్టెలో. బొగ్గుబావుల ఊళ్లో ఆలస్యానికి అర్థం వేరు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో నంబరు ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది తిరిగి రాలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. ఆ రోజులు చూసిన వాళ్లకు గడియారం ముల్లు పావుగంట జరిగినా గుండె జారుతుంది. చేతులకు పని ఉండాలని ఆమె పెన్సిలు తీసుకుంది. నాలుగు గళ్లు... ని, రీ, క్ష, ణ. చివరి అక్షరం రాస్తుండగా గేటు చప్పుడైంది. "బండి పంచరైంది" అన్నాడాయన, చెప్పులు విడుస్తూ. ఆమె ఏమీ అనలేదు, కూర వేడి పెట్టింది.

శుక్రవారం హైదరాబాద్ నుంచి కొడుకు ఫోను. క్రికెటర్ల పేర్లు, సినిమా పేర్లు అతని శాఖ. శనివారానికి రెండు గళ్లు మాత్రమే మిగిలాయి.

పేరుకే 'ప్లే డే'

ఇక్కడే అసలు చిక్కు. ఆదివారం బాయిలో పని ఉంటే దాన్ని 'ప్లే డే' అంటారు. పేరులో ఆట ఉంది కానీ జరిగేది పనే. చట్టం ప్రకారం భూగర్భంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని. అంతకు మించితే రెట్టింపు వేతనం ఇవ్వాలి. ఆ రెట్టింపు డబ్బుతో కొడుకు హాస్టల్ ఖర్చు గడుస్తుంది. కూతురు మాత్రం 'ఆదివారమన్నా ఇంట్లో ఉండరాదా బాపూ' అంటుంది. రెండూ న్యాయమే.

పని ఎప్పటికీ ఇలాగే ఉంటుందన్న ధీమా కూడా లేదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా కార్మికులు ఉండేవారు. ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. భూగర్భ గనులు తగ్గి, ఓపెన్‌కాస్టులు, యంత్రాలు పెరిగాయి. తాత చేసిన పని తండ్రి చేయలేదు. తండ్రి పని కొడుక్కి ఉండకపోవచ్చు. అందుకే దొరికిన మస్టరును వదులుకోవాలంటే మనసు ఒప్పదు.

ఈ ఆదివారం ఆయన పేరు జాబితాలో వచ్చింది, వెళ్లాడు. పేపరు వచ్చింది. అందులో గత వారం గళ్లకు జవాబులున్నాయి. అయినా ఆ ఇంట్లో ఎవరూ ఆ పేజీ తిప్పలేదు. తాత దాన్ని మడిచి దిండు కింద పెట్టుకున్నాడు. బాపు లేకుండా జవాబు చూడకూడదన్నది ఆ ఇంటి కట్టుబాటు.

పని దిగి వచ్చి, స్నానం చేసి, చాయ్ గ్లాసు పట్టుకుని ఆయన చాప మీద కూర్చున్నాడు. చుట్టూ అందరూ చేరారు. కూతురు ఆత్రంగా దిండు కింద చెయ్యి పెట్టింది.

"ఆగు బిడ్డా" అన్నాడాయన. "ఉన్నయి రెండే గళ్లు. కాసేపు మనమే చూద్దాం."