పట్టణపు నీటి తీరువతో రైతున కేమి పని?

అనంతపుర నగరమున కుళాయి తీరువ హెచ్చినను తగ్గినను పల్లెలోని రైతున కేమి యని మన సభ్యులలో ననేకులు తలంతురు. ఈ తలంపు సరికాదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టసీమలో నగరమున కొక నీరు, పొలమున కొక నీరు అని లేదు. తుంగభద్ర ఎగువ కాలువ, అనగా హెచ్చెల్సీ, పెన్నా అహోబిలము జలాశయమునకు చేర్చు నీటినే నగరమును త్రాగుచున్నది. ఆ కాలువ నీటినే పైరులును ఎదురుచూచుచున్నవి.

లెక్క చూడుడు. 2011 జనాభా లెక్కలలో నగర జనసంఖ్య సుమారు 2,61,000. భూగర్భ మురుగు కాలువలుగల పట్టణమున తల యొక్కింటికి దినమునకు 135 లీటర్లు కావలయునని కేంద్ర ప్రభుత్వపు కొలత. ఆ చొప్పున దినమునకు మూడున్నర కోట్ల లీటర్లు, సాలుకు అర టీ.ఎం.సీ.కి కొంచెము తక్కువ. ఈ నీటిని అడుగున్నర మందమున పెట్టినచో సుమారు 7,000 ఎకరములు తడియును. త్రాగునీటికి అగ్రస్థానము న్యాయమే. కాదను రైతు లేడు. కాని పగిలిన గొట్టములనుండి కారునదియు, తిరుగుడు మూయని కుళాయినుండి పారునదియు త్రాగునీరనియే పద్దులో చేరును.

ఇక తీరువ నిర్ణయించు విధము. ట్రాక్టరు కొన్నవాని కీ సంగతి సులభముగా బోధపడును. వాన కురిసినను కురియకున్నను అప్పు వాయిదా కట్టవలయును. డీజిలు ఖర్చు దున్నిననాడే. నీటి సరఫరాలోను అట్లే. అప్పు, జీతములు, గొట్టముల మరమ్మతు స్థిరవ్యయములు. విద్యుత్తు, పటిక, క్లోరిను నీటినిబట్టి మారు వ్యయములు. (పొలపు మోటారునకు 2004 నుండి విద్యుత్తు ఉచితము గనుక ఈ ఖర్చు మనకు తోపదు. పట్టణపు పంపునకు ఆ భాగ్యము లేదు.)

మాటవరుసకు ఒక పట్టణమున 10,000 కుళాయిలు కలవనియు, ఒక్కొక్క యిల్లు నెలకు 20 వేల లీటర్లు వాడుననియు, స్థిరవ్యయము నెలకు 15 లక్షల రూపాయలు, మారు వ్యయము 10 లక్షలనియు అనుకొందము. అంతయు మీటరుమీదనే రాబట్టదలచినచో వేయి లీటర్లకు 12 రూపాయల 50 పైసలు పడును. మంచి కాలమున సరిపోవును. కరవు వచ్చి నీరు సగమైన నెల, రాబడి 12½ లక్షలకు దిగును. వ్యయము మాత్రము 20 లక్షలు. ఏడున్నర లక్షల లోటు! టాంకర్లతో నీరు తోలవలసిన నెలలోనే బొక్కసము వట్టిపోవును. అట్లుగాక కుళాయికి స్థిరముగా 150 రూపాయలు, వేయి లీటర్లకు 5 రూపాయలు విధించినచో మంచి నెలలో 25 లక్షలు, కరవు నెలలో 20 లక్షలు వచ్చి రెంటను లెక్క సరిపోవును. కరవు తరచుగా వచ్చు మన సీమకు ఈ రెండు భాగముల పద్ధతియే తగినదని నా అభిప్రాయము.

గుడిసెకును మేడకును ఒకటే 150 రూపాయలా యని యడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. స్థిరభాగమును ఇంటి విలువనుబట్టి విధించు మార్గము పాతదే: 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలక శాసనమునను, 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక శాసనమునను నీటిపన్ను, మురుగుపన్ను ఇంటిపన్నులో భాగములుగనే యున్నవి. మీటరు లేని కుళాయికి నెల కింత యని ఒకటే మొత్తము కట్టించుట సులభమే గాని, కడవతో సరిపెట్టుకొనువాడు తోట తడుపువాని ఖర్చు మోయుట దాని ఫలము.

తీరువలు ఖర్చునకు తగినట్లుండవలెనని పైనుండియు ఒత్తిడి వచ్చినది. అట్టి సంస్కరణలు చేసిన రాష్ట్రములకు అదనపు అప్పునకు అనుమతి నిత్తుమని కేంద్రము 2020లో ప్రకటింపగా, 2021 జనవరి నాటికి ముందుగా ముగించిన రెండు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దానికి 2,525 కోట్ల రూపాయల అప్పునకు అనుమతి దొరకెను.

మురుగు తీరువను జనులు మరింత అయిష్టముతో కట్టుదురు. వాడిన నీటిలో నూటికి 80 పాళ్లు మురుగుగా వెడలునని ఇంజనీర్ల అంచనా. పై లెక్కన దినమునకు 2 కోట్ల 80 లక్షల లీటర్లు. మురుగునకు ఇంటింట మీటరు పెట్టరాదు గనుక నీటి తీరువలో నింత పాలని విధింతురు. సొంత బోరు గలవాడు కుళాయినీరు కొనకయే మురుగు వదలును. వానికి ఇంటి విలువనుబట్టి వేయవలయును. ఈ పైకము చాలనిచో శుద్ధి యంత్రము ఆగును, మురుగు దిగువ వాగులలోను చెరువులలోను పడును. శుద్ధియైనచో ఆ నీరే పశుగ్రాసమునకో చెట్లకో పారించుకొనవచ్చును. దిగువనున్న రైతునకు పట్టణపు తీరువతో పని యిచ్చటనే.

నగరమున ఇండ్లున్న మన సభ్యులు, తీరువ హెచ్చింపు ప్రకటన వెలువడినప్పుడు, రేటు చూచుటకు ముందు ఆయవ్యయ పట్టిక చూడవలయును. నీటిపద్దును మురుగుపద్దును వేరువేరుగా చూపిరా? గొట్టములలో కారిపోవు నీరెంతయో వ్రాసిరా? ఈ రెండును లేని పట్టికను పట్టుకొని రేటు న్యాయమా కాదా యని తేల్చుట ఎవరికిని సాధ్యము కాదు.