రాగిరేకులును రెండవ ప్రతియు

తిరుమల ఆలయములో సంకీర్తన భాండాగారమను చిన్న యర యొకటి కలదు. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) పదములను ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యులు రాగిరేకులపై చెక్కించి యందు భద్రపరచెను. అన్నమయ్య రచించిన పదములు ముప్పదిరెండువేలని ప్రతీతి. వానిలో సగము కూడ నేడు దొరకుట లేదు. దొరకినది ప్రధానముగా రాగి కెక్కినదే. తాటియాకును నమ్మి యూరకుండక కొడుకు చేయించిన రెండవ ప్రతియే తండ్రి పాటను తెలుగువారికి మిగిల్చినది.

నేటి తాళపత్రములు డేటా సెంటర్లలో నున్నవి. బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి చీటీలు, భూమి దస్తావేజులు, కొండకు పోవు యాత్రికుల టికెట్లు, అన్నియు నచట డిస్కులపై అంకెలుగా నిలిచియుండును. అగ్నియో, వరదయో వచ్చినపుడు నష్టము కలుగకుండుటకై వేరొక యూరి సెంటరులో ఎప్పటికప్పుడు రెండవ ప్రతి వ్రాయింతురు. దీనికే రెప్లికేషన్ అని పేరు. రెండు యంత్రములు కొని నడుమ తీగ వేసిన చాలునని పలువురి తలంపు. కాని రక్షణ యంతయు ఆ యంత్రములకు ముందుగా చెప్పియుంచు నియమములలో నున్నది.

మొదటి నియమము కాలమునకు సంబంధించినది. రెండవ చోట కూడ వ్రాత ముగిసినదని కబురు వచ్చువరకు మొదటి యంత్రము వేచియుండుట యొక పద్ధతి. దీనిని సింక్రనస్ అందురు. ఇందు ఒక్క యక్షరమైనను పోదు. అయితే గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు రెండులక్షల కిలోమీటర్లు మాత్రమే పోగలదు. తిరుపతి నుండి చెన్నైకి పోయి వచ్చుటకు సెకనులో వేయింట ఒకటి రెండు వంతులు చాలును. హైదరాబాదునకు అయిదారు వంతులు పట్టును. ఒక్క వ్రాతకు ఇది లెక్క కాదు. లక్షల వ్రాతలు ఒకదాని వెనుక నొకటి వేచియున్నప్పుడు పని కుంటుపడును. కావున దూరపు చోటికి కొంత యాలస్యముగా పంపుదురు. ఇది అసింక్రనస్. ఆ యాలస్యములో జరిగిన వ్రాతలను కోల్పోవుటకు సిద్ధపడవలెను. అయిదు నిమిషముల లెక్కలు పోయిన సహింపవచ్చునా, అయిదు సెకనులవి పోయినను సహింపరాదా యన్నది ఇంజనీరు ఒక్కడు తేల్చునది కాదు. ఆ లెక్కల యజమాని తేల్చవలసినది.

రెండవది దూరము. ఆలస్యమునకు వెరచి ప్రతిని దగ్గరనే యుంచుటయు క్షేమము కాదు. 2021 నవంబరు 18న తిరుపతిని, తిరుమలను వానలు ముంచెత్తినవి. ఘాట్ రోడ్లు మూతపడినవి. మరునాడు తెల్లవారుజామున వాయుగుండము పుదుచ్చేరి, చెన్నైల నడుమ తీరము దాటెను. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక యున్న రాజంపేట ప్రాంతముననే, ఆనాడు చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ప్రాణనష్టము కలిగెను. చెన్నైలోని లెక్కలకు తిరుపతిలో ప్రతి నుంచినచో రెండును ఒకే మేఘము క్రింద నుండవచ్చును. దూరమును మైళ్లతో మాత్రమే కాక, ఒకే వాన, ఒకే నది, ఒకే విద్యుత్ లైను రెంటిని తాకునా యని కూడ కొలువవలెను. అందుచేతనే పెద్ద సంస్థలు చెంత నొక సింక్రనస్ ప్రతిని, దూరమున నొక అసింక్రనస్ ప్రతిని ఉంచుకొనును.

మూడవది నడుమ తీగ తెగినప్పటి మాట. పని ఆపవలెనా, ప్రతి లేకయే సాగింపవలెనా? రెండు యంత్రములును దేనికది తానే మొదటిదానినని వ్రాయుచు పోయిన లెక్కలు రెండు దారులు పట్టును. దానిని నివారించుటకై మూడవ చోట నొక సాక్షి యంత్రము నుంతురు. 2021 ఫిబ్రవరి 24న టెలికాం లంకెల లోపముతో మొదలైన చిక్కు వలన ముంబయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో వర్తకము దాదాపు నాలుగు గంటలు నిలిచిపోయెను. చెన్నైలో రెండవ కేంద్రముండియు నాడు పని యటు మరలలేదు.

నాలుగవది మరచిపోవునట్టిది. యంత్రము తప్పునకు కూడ ప్రతి వ్రాయును. పొరపాటున చెరిపినదియు, దొంగ ప్రోగ్రాము చెరచినదియు క్షణములో రెండవ చోట కూడ చెరిగిపోవును. కావున కొన్ని గంటల కొకసారి తీసిన పాత ప్రతులను, ఎవరును మార్పరాకుండ, వేరుగా నుంచవలెను. రాగిరేకు గుణ మిదియే. చెక్కినదానిని తుడుచుట సులభము కాదు.

ఇన్నియు నున్నను ఒక లోటు మిగులవచ్చును. రేకులపై పదమున్నది, రాగము పేరున్నది, స్వరము లేదు. ఇరువదవ శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పండితులు పదములను పరిష్కరించి వెలుగులోనికి తెచ్చిరి. అన్నమయ్య పాడిన వరుసలు దొరకనందున రాళ్లపల్లివారు కొన్నింటికి క్రొత్తగా స్వరములు కూర్చవలసివచ్చెను. డేటా సెంటరులోను అంతే. అంకెలు చేరి, వానిని నడపు ప్రోగ్రాములు, పాస్‌వర్డులు, ఏది ముందు ఏది వెనుక మొదలిడవలెనను క్రమము చేరకున్న ఆ ప్రతి వరుస తెలియని పాటయే. ఏటికి ఒకటి రెండుసార్లు మొదటి కేంద్రమును నిజముగా ఆపి, రెండవదానిపై పూటంతయు పని నడిపి చూచినగాని అది పలుకునో లేదో తెలియదు. ఆ పరీక్ష మనము చేయకున్న, ఏ నవంబరు రాత్రియో వాన చేయును.