పొందూరు రాట్నం: స్వరాజ్యానికి నూలిచ్చింది, కూలికి నోచుకోలేదు

పొందూరు: వాలుగ చేప దొరికితే ఏ ఊళ్ళోనైనా కూర వండుకుని ఎముకలు పారేస్తారు. పొందూరులో మాత్రం దాని దవడకు డబ్బిచ్చి కొంటారు. గోదావరి మీద రాజమహేంద్రవరం ప్రాంతంలో చేపలు పట్టేవారి దగ్గర నుంచి ఈ దవడలు ఇక్కడికి వస్తాయి. దవడ మీద ఉండే సన్నని పళ్ళే ఇక్కడి ఆడవాళ్ళకు దువ్వెన. గింజ తీయని పత్తిని చిటికెడు చిటికెడుగా పట్టుకుని ఆ పళ్ళతో దువ్వుతారు. నలక రాలిపోతుంది, పోగులన్నీ ఒక వైపుకు తిరుగుతాయి. పోగు తెగదు.

తరువాత పీట మీద పత్తిని పరిచి చిన్న ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. చిన్న విల్లుతో దూదిని ఏకుతారు. ఏకులు చుట్టి, దుమ్ము పట్టకుండా, నునుపు చెడకుండా ఎండిన అరటి దొప్పలో దాస్తారు. అక్కడి నుంచి 24 ఆకుల ఒంటి కదురు రాట్నం దగ్గరకు చేరతాయి. కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి... ఇక్కడ వాడే పత్తి ఇదే. వడికేవారు పట్టుసాలి కుటుంబాల ఆడవాళ్ళు. మిల్లు అనే మాట ఈ దారిలో ఎక్కడా తగలదు.

ఇంత కష్టపడి తీసే నూలు ఎంత సన్నమో రైతుకు అర్థమయ్యే లెక్కలో చెప్పుకోవచ్చు. నూలును నంబరుతో కొలుస్తారు. పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అంత నంబరు. పొందూరులో 100 నంబరు నూలు తీస్తారు. అంటే అరకిలో కూడా లేని నూలులో 84 వేల గజాల దారం, దాదాపు 77 కిలోమీటర్లు. ఒక కొస శ్రీకాకుళంలో కట్టి లాగితే రెండో కొస విజయనగరం దాటిపోతుంది.

చందాగా నూలు

ఈ నూలుకు రాజకీయం ఎక్కడ అంటుకుంది? విజయవాడలో అంటుకుంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. పింగళి వెంకయ్య గాంధీకి జెండా చూపించిన సమావేశంగానే దాన్ని మనం గుర్తు పెట్టుకున్నాం. అక్కడ చేసిన తీర్మానం మూడు మాటల్లో చెప్పవచ్చు. జూన్ 30 లోగా కోటి మంది సభ్యులు కావాలి, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు కావాలి, దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలి. సభ్యులతో, సొమ్ముతో సమానంగా రాట్నాన్ని లెక్కపెట్టిన రాజకీయ తీర్మానం అది.

కారణం అందరికీ తెలిసిందే. మన పత్తి ఓడెక్కి మాంచెస్టరు పోయేది, బట్టై తిరిగి వచ్చేది. నూలు వడికే ఇల్లు పస్తుండేది. పరాయి బట్టను మానేయాలన్న మాట 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమంతో గట్టిగా లేచింది. 1907లో బిపిన్ చంద్రపాల్ విజయనగరం మొదలుకొని కోస్తా పట్టణాల్లో తిరిగి ఆ మాటే చెప్పారు. అయితే మానేయమనడం సులభం. మానేశాక కట్టుకోవడానికేమిటి అన్న ప్రశ్నకు జవాబు చెప్పింది రాట్నమే.

ఇందులో ఆడవాళ్ళకు దొరికిన చోటు గురించి ఎంత చెప్పినా తక్కువే. సభకు పోవాలంటే ఇంటి పెద్దల అనుమతి కావాలి, జైలుకు పోవాలంటే పసిబిడ్డను ఎవరికో అప్పగించాలి. రాట్నానికి ఇవేవీ అక్కరలేదు. పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా వసారాలో కూర్చుని సర్కారు మీద తిరుగుబాటు చేయవచ్చు. ఎవరూ వచ్చి పట్టుకోలేరు, ఎందుకంటే నూలు వడకడం నేరం కాదు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర కాపలా ఉన్నది పద్నాలుగేళ్ళ బాలిక. టిక్కెట్టు లేదని ఆమె జవహర్‌లాల్ నెహ్రూనే లోపలికి పోనివ్వలేదు. ఆ బాలికే తరువాతి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

మరుసటి ఏడు 1924లో, గాంధీ అధ్యక్షత వహించిన బెళగావి మహాసభలో ఇంకో అడుగు వేశారు. కాంగ్రెస్ సభ్యత్వానికి డబ్బు కాదు, నెలకు 2 వేల గజాల నూలు చందాగా కట్టాలన్నారు. ఏడాది తిరగకముందే ఆ నిబంధన సడలింది. 1925లో నాలుగణాలైనా సరే, ఏడాదికి 2 వేల గజాల సొంత నూలైనా సరే అన్నారు. పెద్ద పెద్ద నాయకులకు నూలు వడకడం కుదరలేదన్నది అసలు సంగతి. చందాను తూచకుండా గజాల్లో కొలిచారు గనుక ఒక తమాషా ఉంది. 2 వేల గజాల ముతక నూలు మోయడానికి సంచి కావాలి. పొందూరు 100 నంబరు నూలైతే తులం కూడా తూగదు. కొంగున ముడేసుకుని పోవచ్చు.

ముతక బట్టకు జవాబు

ఆ రోజుల్లో ఖద్దరు మీద ఉన్న పెద్ద ఫిర్యాదు కూడా ముతకదనమే. గోనెలా గుచ్చుకుంటుంది, తడిస్తే బరువెక్కుతుంది, పెళ్ళికి ఎలా కట్టుకుంటామని పట్నవాసులు సణిగేవారు. పొందూరు పంచె ఆ నోళ్ళు మూయించింది. చేత్తో వడికిన నూలు మిల్లు నూలుకు తీసిపోదని వాదించనక్కరలేకుండా చూపించింది. ఇక్కడి బట్ట చూసి ఆశ్చర్యపోయిన గాంధీ, పని ఎలా చేస్తారో చూసి రమ్మని కొడుకు దేవదాసును పంపారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అయితే గాంధీ చేసిన మరో పని గురించి అంతగా చెప్పుకోరు. అఖిల భారత చరఖా సంఘం 1925లో ఏర్పడింది. పదేళ్ళు గడిచాక, ఖద్దరు చవకగా అమ్మడం కోసం వడికేవారి కూలి తగ్గిపోతున్నదని గాంధీకి అర్థమైంది. 1935లో ఆయన సంఘాన్ని పట్టుబట్టి ఒప్పించారు. వడికే మనిషికి బతకగలిగే కూలి ఇవ్వాలి, అందువల్ల బట్ట ధర పెరిగినా సరే అన్నారు. కట్టుకునేవాడి త్యాగం ఒక్కటే దేశసేవ కాదు, వడికేవారి కడుపు నిండడం కూడా అందులో భాగమేనన్న మాట.

స్వరాజ్యం వచ్చాక 1949లో పొందూరులో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. పత్తి ఇచ్చి నూలు తీసుకోవడం, నూలు ఇచ్చి బట్ట తీసుకోవడం ఈ సంఘం ద్వారానే నడుస్తూ వచ్చింది. పొందూరు పంచెకు గౌరవం తగ్గలేదు. ఆగస్టు 15న, జనవరి 26న వేదికల మీద నాయకుల ఒంటి మీద అది కనబడుతూనే ఉంటుంది.

వడికేవారి సంగతే వేరు. రాట్నం ముందు కూర్చునేవారిలో ఎక్కువమంది నడివయసు దాటినవారు. చూపు ఆనకపోయినా వేళ్ళ గుర్తుతో పోగు పట్టుకుంటారు. రోజంతా కూర్చున్నా వచ్చేది మట్టిపనికి పోయినవారి కూలికి సాటి రాదు. కూతుళ్ళకు, కోడళ్ళకు ఈ పని నేర్పడానికి తల్లులకే మనసొప్పడం లేదు. పత్తి దువ్వడం దగ్గర నుంచి సన్నని పోగు తీయడం దాకా చేతికి రావాలంటే చిన్నతనం నుంచి పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఒక తరం లేచిపోతే మళ్ళీ కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు.

పై నుంచి వచ్చిన దెబ్బ ఒకటుంది. జాతీయ జెండా చేతితో వడికి చేతితో నేసిన బట్టతోనే ఉండాలన్న నియమం చాలాకాలం ఉండేది. 2021 డిసెంబరు 30న జెండా నియమావళిని సవరించి మిల్లు బట్ట, పాలియెస్టరు జెండాలకు కూడా అనుమతి ఇచ్చారు. జెండాలు తయారు చేసే కర్ణాటకలోని బెంగేరి ఖాదీ కార్మికులు 2022లో దీనిపై నిరసన తెలిపారు. జెండాల గుడ్డ పొందూరు పని కాదు కాబట్టి ఇక్కడి కదుళ్ళు వెంటనే ఆగిపోలేదు. కాని బెజవాడలో జెండా మీదికి ఎక్కిన రాట్నానికి ఆ జెండాలో వాటా తప్పనిసరి కాకుండా పోయింది.

చేనేత, ఖాదీ ఒకటే అనుకోవడం వల్ల కూడా నష్టం జరుగుతోంది. చేనేత మగ్గానికి మిల్లు నూలు వాడవచ్చు. ఖాదీ అంటే నూలు కూడా చేత్తో వడికినదై ఉండాలి. ధర తేడా అక్కడే వస్తుంది. చవకగా దొరికింది కదా అని కొన్న పంచెలో రాట్నం తిరిగిందో లేదో కొనేవారు అడిగి తెలుసుకోవాలి.

వడికేవారి కోరికలు పెద్దవేమీ కావు. చిలపకు ఇచ్చే కూలి ఊళ్ళో మిగతా పనుల కూలితో పోల్చి పెంచాలి, నేర్చుకునే పిల్లలకు నేర్చుకున్నంత కాలం ఏదైనా ఇవ్వాలి, ఇచ్చిన నూలుకు డబ్బు ఆలస్యం కాకుండా చేతికి రావాలి. పళ్ళు అరిగిపోయిన దవడ చోట కొత్త దవడ అడిగినప్పుడు దొరకాలని కూడా వారు కోరుతున్నారు.