నడుము నొప్పికి నిద్రకీ లింకేంటి? నిజాంపట్నం హార్బర్ నుంచి స్పెషల్ ఎపిసోడ్

వెనకాల గాలి, బోటు ఇంజన్ల సౌండ్ వస్తుంటే కొంచెం అడ్జస్ట్ అవ్వండి. ఈ ఎపిసోడ్ నిజాంపట్నం హార్బర్‌లో షూట్ చేస్తున్నాం.

ఇక్కడే ఎందుకంటే, మా బాబాయ్ బోటు మీద కలాసీ. మొన్న ఇంటికొచ్చి నన్ను ఒక మాట అడిగాడు. "ఒరేయ్, నువ్వు రోజంతా కుర్చీలో కూర్చునేవాడివి, నీకు నడుము నొప్పి. నేను రోజంతా వల లాగుతా, నాకూ నడుము నొప్పే. మరి ఎక్సర్‌సైజ్ చెయ్యండి అని ఊరందరికీ చెప్తావేంట్రా?" నిజం చెప్పాలంటే నాకు వెంటనే జవాబు దొరకలేదు. తర్వాత కూర్చుని చదివితే అర్థమైంది, మా ఇద్దరికీ కామన్ పాయింట్ ఒకటుంది. నేను జాబ్‌లో ఉన్నప్పుడు నైట్ షిఫ్ట్. ఆయన వేటకెళ్తే వల వేసినప్పుడు ఒక కునుకు, తీసినప్పుడు మెలకువ. ఇద్దరికీ సరైన నిద్ర లేదు.

ముందు వెన్నెముక దగ్గర మొదలుపెడదాం. పూసకీ పూసకీ మధ్య డిస్క్ ఉంటుంది, నీళ్లు పీల్చుకునే స్పాంజ్ లాంటిదనుకోండి. పగలంతా మన బరువు మోసి మోసి అందులో నీళ్లు కొంచెం కొంచెంగా బయటికి పోతాయి. రాత్రి పడుకుంటే మళ్లీ పీల్చుకుంటుంది. అందుకే పొద్దున లేవగానే కొలిస్తే మనం సాయంత్రం కంటే దాదాపు ఒక సెంటీమీటరు పొడుగుంటాం. కావాలంటే రేపు గోడకి పెన్సిల్ గీత పెట్టి చూడండి.

ఇక్కడే ఒక చిక్కుంది. లేచిన కొత్తలో డిస్క్ నిండా నీళ్లుంటాయి కాబట్టి బిగుసుకుని ఉంటుంది. అప్పుడు నడుము వంచితే దాని మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. 1998లో స్నూక్ అనే పరిశోధకుడు, ఆయన టీమ్, చాలాకాలంగా నడుము నొప్పి ఉన్నవాళ్లని పొద్దున్నే వంగడం తగ్గించమన్నారు. అంతే, మందుల్లేవు. నొప్పి ఉండే రోజులు తగ్గాయి. ఇప్పుడు బాబాయ్‌ని చూడండి. తెల్లారుజామున లేచీ లేవగానే వంగి వల లాగుడు, ఐస్ పెట్టెలు ఎత్తుడు. మనలో జిమ్‌కెళ్లే బ్యాచ్ కూడా అంతే, 5 గంటలకి లేచి 5:20కి డెడ్‌లిఫ్ట్.

రెండోది కండరాల రిపేర్. వ్యాయామం చేసేటప్పుడు కండ పెరగదు, తర్వాత రిపేర్ అయ్యేటప్పుడు పెరుగుతుంది. గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది రాత్రి మొదటి భాగంలో వచ్చే గాఢనిద్రలో. ఆస్ట్రేలియాలో 13 మంది కుర్రవాళ్లని, అమ్మాయిల్ని ఒక్క రాత్రి పూర్తిగా మేలుకోబెట్టి చూశారు, 2021లో పబ్లిష్ అయింది. కండరం కొత్త ప్రోటీన్ తయారుచేసుకునే వేగం 18 శాతం పడిపోయింది. ఒక్క రాత్రికే! చిన్న స్టడీ, ఒప్పుకుంటా. కానీ ప్రోటీన్ పౌడర్‌కి వేలు పెట్టి, రాత్రి 2 దాకా రీల్స్ చూసే మా ఫ్రెండ్స్‌కి ఇది వినిపించాలని ఉంది.

దెబ్బల సంగతి కూడా ఉంది. 2014లో అమెరికాలో స్కూల్ క్రీడాకారుల మీద చేసిన స్టడీలో, సగటున 8 గంటల కంటే తక్కువ పడుకునే పిల్లలు గాయపడే అవకాశం 1.7 రెట్లు ఎక్కువని తేలింది.

ఇక నొప్పి. ఇది నాకు అస్సలు తెలియని విషయం. నొప్పి ఉంటే నిద్ర పట్టదు, అది మనందరికీ తెలుసు. కానీ స్టడీలన్నీ కలిపి చూస్తే, నొప్పి నిద్రని చెడగొట్టే దానికంటే, చెడిన నిద్ర మర్నాటి నొప్పిని పెంచేదే ఎక్కువ బలంగా కనిపిస్తోంది. నిద్ర లేని మెదడు చిన్న నొప్పిని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. అంటే డిస్క్ అదే, కండ అదే, వాల్యూమ్ పెరిగింది.

మరి బాబాయ్ ప్రశ్న? రోజంతా పని చేయడం వ్యాయామం కాదా అని. పరిశోధకులు కూడా దీని మీద చాలా తల పట్టుకున్నారు. బరువు పనిలో ఒకే కదలిక గంటల తరబడి, మధ్యలో ఆపే అధికారం మన చేతిలో ఉండదు, కోలుకునే టైమ్ ఉండదు. వ్యాయామంలో ఎంత బరువు, ఎప్పుడు ఆపాలి అనేది మనిష్టం. శరీరానికి ఆ తేడా తెలుస్తుంది. ఇక్కడి రొయ్యల చెరువుల కాపలా వాళ్లది ఇంకో కథ. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారేముందే, అందుకని ఏరియేటర్లు చూసుకుంటూ సరిగ్గా నిద్ర పట్టే వేళంతా మేలుకునే ఉంటారు.

ఏం చేయాలి మరి? బాబాయ్‌కి నేను చెప్పింది మూడే. లేవగానే వంగొద్దు, ముందు కాసేపు అటూ ఇటూ నడువు, టీ తాగు. పెట్టె ఎత్తేటప్పుడు నడుము కాదు, మోకాళ్లు వంచు, పెట్టెని ఒంటికి దగ్గరగా పట్టుకో. మూడోది, నొప్పి బిళ్ల రోజూ వేసుకోవద్దు. ఎండలో, నీళ్లు సరిగ్గా తాగకుండా ఆ బిళ్లలు వేసుకుంటే కిడ్నీలకి ప్రమాదం. ఆయన మూడోదానికి మాత్రం మొహం తిప్పుకున్నాడు. "బిళ్ల లేకపోతే వల ఎవడు లాగుతాడు, నువ్వా?" అన్నాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. వేట మానితే కూలి పోతుంది కదా.

కుర్చీ బ్యాచ్‌కి: నడుము పట్టిందని వారం పాటు మంచం ఎక్కొద్దు, మెల్లగా నడవడమే మంచిది. వారానికి కనీసం 150 నిమిషాలు మామూలు వ్యాయామం, రెండు రోజులు కండరాలకి పని, ఇది డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. వ్యాయామం నిద్రని కూడా బాగుచేస్తుంది, కాకపోతే పడుకునే గంట ముందు గట్టిగా చేయకండి. రాత్రి 4 గంటలే పడుకున్నారా? ఆ రోజు బరువులు తగ్గించండి.

కాళ్లు తిమ్మిరెక్కి బలం పోవడం, మూత్రం కంట్రోల్ తప్పడం, నడుము నొప్పితో జ్వరం, ఇలాంటివుంటే వీడియోలు చూడొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇంకొక్క మాట. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. పోయిన నిషేధంలో బాబాయ్ ఇంట్లో రాత్రుళ్లు హాయిగా పడుకున్నాడు, పగలు వలలు బాగుచేసుకున్నాడు. మే నెల సగానికొచ్చేసరికి బిళ్ల అడగలేదని పిన్ని చెప్పింది. ఒక్క మనిషి కథ, దీన్ని రుజువు అనను. జూన్‌లో బోటెక్కిన రెండో వారానికి మళ్లీ అడిగాడట.